దసరా సెలవులకు ఎక్కడికి? సంరక్షణ వ్యవస్థలో ఉన్న పిల్లలకు శాశ్వత కుటుంబం దొరికే దారులు

దక్షిణ తెలంగాణ పల్లెల్లో తల్లిదండ్రులు పోయిన పిల్లల గురించి పెద్దమనుషులు కూర్చుంటే ముందు వచ్చే మాట దత్తత కాదు, అనాథాశ్రమమూ కాదు. "హాస్టల్ల ఏద్దాం" అంటారు. ఆ మాటలో తప్పు పట్టేదేమీ లేదు. గురుకులంలో సీటు దొరికితే తిండి, బట్ట, చదువు, పడక అన్నీ ఒక్క దరఖాస్తుతో తీరిపోతాయి. తీరనిది ఒకటుంది. దసరాకు, ఎండాకాలానికి హాస్టల్‌కు తాళం పడుతుంది. మిగతా పిల్లల కోసం ఇంటి నుంచి ఎవరో ఒకరు వస్తారు. ఈ బిడ్డ కోసం ఎవరు రావాలో ఏ రిజిస్టరులోనూ రాసి ఉండదు.

అందుకే ఒక పిల్ల కేసును అంచనా వేసేటప్పుడు అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే: దసరా సెలవులకు ఎక్కడికి పోతుంది? జవాబుగా ఒక పేరు వస్తే ఆ మనిషి చేతికి కాగితం బలం, పైసల బలం ఇవ్వడమే వ్యవస్థ చేయాల్సిన పని. పేరు రాకపోతే దత్తత, ఫోస్టర్ కేర్ (దత్తత లేకుండానే వేరే కుటుంబంలో ఉంచి పెంచడం) దారులు తెరవాలి. హాస్టల్ సీటు చదువుకు ఏర్పాటు. దాన్నే కుటుంబం అనుకుని ఫైలు మూసేయడం నల్లగొండ నుంచి గద్వాల దాకా జరిగే మామూలు పొరపాటు.

2015 బాలల న్యాయ చట్టం చెప్పే వరుస కూడా ఇదే. 39వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లకూ ఒక వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండాలి, పునరావాసం వీలైనంత వరకు కుటుంబంలోనే జరగాలి. కన్నవాళ్ల దగ్గరికి చేర్చడం మొదటి దారి. అది కుదరకపోతే బంధువులు, ఆ తర్వాత దత్తత, ఫోస్టర్ కేర్. సంస్థలో ఉంచడం ఆఖరిది. శాశ్వత కుటుంబం అంటే దత్తతే అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఈ ప్రాంతంలో వ్యవస్థ కంటబడే పిల్లల్లో ఎక్కువమందికి తల్లో, తండ్రో, అమ్మమ్మో ఎవరో ఒకరు బతికే ఉంటారు. దత్తత చాలాసార్లు వాళ్లకు అవసరమూ కాదు, చట్టప్రకారం వీలూ కాదు.

సమితి ముందు మొదటి నాలుగు నెలలు

దొరికిన పిల్లను ఎవరు తీసుకెళ్లినా, పోలీసులైనా అంగన్‌వాడీ టీచరైనా, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే సమయం ఇందులో లెక్కకు రాదు. సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, వారిలో ఒక్కరైనా మహిళ ఉండాలి. సమితి కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి ముందైనా హాజరుపరచవచ్చు. ఆఖరి ఉత్తర్వుకు మాత్రం కనీసం ముగ్గురు ఉండాలి.

ఆ తర్వాత 15 రోజుల్లో సామాజిక పరిశోధన నివేదిక రావాలి, నాలుగు నెలల్లో ఆఖరి ఉత్తర్వు రావాలి. కేసు చెడేది ఎక్కువగా ఆ నివేదిక దగ్గరే. ఫారంలో గళ్లు ఉంటాయి: తండ్రి పేరు, వృత్తి, ఆదాయం, కులం. గళ్లు నింపి "కుటుంబం పేదది, పిల్లను హోమ్‌లో ఉంచడం మంచిది" అని రాసేస్తే నాలుగు నెలల గడువు అక్కడే వృథా అయినట్టు. పేదరికం పిల్లను ఇంటి నుంచి వేరు చేయడానికి కారణం కాదు, ఇంటికి సాయం పంపడానికి కారణం. నివేదికలో ఉండాల్సింది వేరే సమాచారం. అమ్మ తరఫు ఎవరెవరు, నాన్న తరఫు ఎవరెవరు, ఎవరి ఇంట్లో ఈ పిల్ల ఇంతకుముందు పది రోజులైనా ఉంది, ఎవరికి ఫోన్ చేయమని పిల్లే అడుగుతోంది, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు. వీటి కోసం ఊరికి పోవాలి. కార్యాలయంలో కూర్చుంటే దొరకవు.

పాలమూరు వైపు ఇంకో చిక్కుంది. కోస్గి, మద్దూరు, నారాయణపేట, మక్తల్ మండలాల నుంచి గుంపు మేస్త్రీల (కూలీలను అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాళ్ల) వెంట ముంబయికో పుణెకో పోయిన కూలీ అక్కడే చనిపోతే మరణ ధ్రువపత్రం అక్కడి మున్సిపాలిటీ ఇస్తుంది. చావు జరిగిన చోటే నమోదు కావాలన్నది నియమం, ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ఇవ్వలేడు. శవాన్ని బండిలో ఊరికి తెచ్చి మట్టి చేస్తారు. కాగితం ఎవరికీ గుర్తుండదు. ఆరు నెలల తర్వాత స్పాన్సర్‌షిప్‌కో (పిల్లకు నెలనెలా ఇచ్చే ప్రభుత్వ సాయం) దత్తతకో దరఖాస్తు పెట్టినప్పుడు "తండ్రి చనిపోయినట్టు రుజువేది?" అన్న ప్రశ్న వస్తుంది. చావు ఊళ్లోనే అయినా 21 రోజుల్లో నమోదు చేయించకపోతే ఆలస్య రుసుము, అఫిడవిట్ల తిప్పలు మొదలవుతాయి, ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. పిల్లను ఎవరు సాదుకోవాలన్న చర్చకన్నా ముందు ఈ కాగితం పని మొదలుపెట్టించడం మేలు.

చనిపోయిన తండ్రికి కాగితమైనా దొరుకుతుంది, "ఇడిచిపెట్టి పోయిన" తండ్రికి అదీ దొరకదు. అయితే చట్టంలో అనాథ అన్న నిర్వచనం చాలామంది అనుకునేదానికన్నా వెడల్పైనది. తల్లిదండ్రులు లేనివాళ్లే కాదు, చట్టబద్ధ సంరక్షకులు ఉన్నా పెంచడానికి ఇష్టపడని, పెంచే స్థితిలో లేని పిల్లలూ అందులోకి వస్తారు. నారాయణపేట, మక్తల్ ప్రాంతంలో జోగినీల పిల్లల దరఖాస్తులు తండ్రి పేరు గడి దగ్గరే వెనక్కి వస్తుంటాయి. తల్లి పేరుతోనే తీసుకోవాలని సమితి రాతపూర్వకంగా ఆదేశిస్తే కింది కార్యాలయాల్లో వాదన తగ్గుతుంది.

సొంత ఇంటికే పంపేటప్పుడు

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు, కార్మిక శాఖ, బాలల పరిరక్షణ విభాగం కలిసి ఇటుక బట్టీలు, హోటళ్లు, పత్తి చేలలో తనిఖీలు చేస్తారు. దొరికిన పిల్లలను సమితి ముందు నిలబెడతారు. తల్లిదండ్రులు వచ్చి "మళ్లీ పనికి పంపం" అని రాసిచ్చి తీసుకుపోతారు. కాగితం మీద ఇది పునరేకీకరణ. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు మాత్రం తీరలేదు కాబట్టి కొన్ని వారాల్లోనే పిల్ల మళ్లీ అదే పనిలో తేలుతుంది.

తిప్పి పంపేటప్పుడు అప్పు సంగతి అడగకపోవడమే ఇక్కడి లోపం. అప్పు కింద కట్టుబడి పనిచేస్తున్న కుటుంబమైతే వెట్టిచాకిరీ విముక్తి పత్రం ఇప్పించాలి, పునరావాస సొమ్ము దానితోనే ముడిపడి ఉంటుంది. వలస పోవడం తప్పని కుటుంబమైతే ఆ నెలలు పిల్ల ఎవరి దగ్గర ఉంటుందో ప్రణాళికలో పేరుతో సహా రాయాలి. సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టల్ ఒక ఆసరా, అది వలస కాలానికి మాత్రమే.

పైసల సాయం పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ రూపంలో వస్తుంది. ఒక్కో పిల్లకు నెలకు 4,000 రూపాయలు. తల్లి వితంతువో, భర్త వదిలేసిన మనిషో అయి ఉండటం, పిల్ల అనాథై బంధువుల దగ్గర పెరగడం, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతోనో వైకల్యంతోనో పని చేయలేకపోవడం వంటివి అర్హతలు. ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000 రూపాయలు, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పోతుంది, జిల్లా స్థాయి ఆమోద కమిటీ మంజూరు చేస్తుంది. పిల్ల ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, మీసేవ ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా, ఫొటోలు జతచేయాలి.

ఇవన్నీ పెట్టినా ఆగిపోయే దరఖాస్తుల్లో కనిపించేవి దాదాపు ఒకే రకం తప్పులు. ఆధార్‌లో "లక్ష్మి", బడి రిజిస్టరులో "లక్ష్మమ్మ". ఖాతా జన్‌ధన్‌ది, చాలాకాలం లావాదేవీ లేక ఆగిపోయింది. ఖాతాకు ఆధార్ అనుసంధానం లేదు. తల్లి ఫోన్ నంబరు మారింది, విచారణకు వచ్చిన ఉద్యోగి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. దరఖాస్తు ఇచ్చే ముందే ఈ నాలుగూ చూసుకుంటే నెలలు కలిసొస్తాయి.

స్పాన్సర్‌షిప్ నియమాల్లో ఒకటి ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా గుచ్చుకుంటుంది. పిల్ల హాస్టల్లో చేరితే సాయం నిలిపేస్తారు. పిల్లను ఇంట్లోనే ఉంచి పెంచాలన్నది పథకం ఉద్దేశం కాబట్టి నియమం అర్థమయ్యేదే. నెలకు 4,000 వదులుకుని గురుకులం సీటు తీసుకోవాలా, సీటు వదులుకుని పిల్లను ఊరి బడికి పంపాలా అన్నది మాత్రం అమ్మమ్మ మీద పడుతుంది. ఊళ్లో ఐదో తరగతితో బడి అయిపోతే ఆమె సీటే ఎంచుకుంటుంది, ఎంచుకోవాలి కూడా. అలాంటప్పుడు స్పాన్సర్‌షిప్ ఫైలుతో పాటు సంరక్షణ ప్రణాళికనూ మూసేయకూడదు. సాయం ఆగినా సెలవుల్లో పిల్ల ఉండేది అమ్మమ్మ ఇంట్లోనే, పరిశీలన సాగాల్సిందీ ఆ ఇంట్లోనే.

అమ్మమ్మ, మేనమామ, చిన్నమ్మ

ఈ ప్రాంతంలో అనాథ పిల్లల్లో ఎక్కువమందికి శాశ్వత కుటుంబం ఇదే, ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే ఏర్పడింది. "మా చెల్లె బిడ్డను సాదుకుంటున్న" అన్న మాటకు ఊళ్లో ఉన్న విలువ కార్యాలయంలో ఉండదు. బడిలో చేర్చేటప్పుడు, ఆపరేషన్‌కు సంతకం పెట్టేటప్పుడు, కుల ధ్రువపత్రం తీసేటప్పుడు "మీరు ఏమవుతారు? కాగితమేది?" అని అడుగుతారు.

ఆ కాగితానికి మూడు స్థాయిలున్నాయి. సమితి ఆ బంధువును తగిన వ్యక్తిగా గుర్తించి పిల్లను అప్పగించడం అన్నిటికన్నా తేలిక. బంధువుల ఫోస్టర్ కేర్ రెండోది, దీనికి నెలసరి సాయం కూడా ఉంటుంది. బంధువుల దత్తత మూడోది, ఇదొక్కటే పూర్తి శాశ్వతం.

బంధువుల దత్తతలో బంధువు అంటే ఎవరో చట్టం లెక్కపెట్టి చెప్పింది: తండ్రి లేదా తల్లి తోబుట్టువులు, తాత, నాయనమ్మ, అమ్మమ్మ. మేనమామ, పెదనాన్న, బాబాయి, మేనత్త, పెద్దమ్మ, చిన్నమ్మ ఇందులోకి వస్తారు. పెళ్లయి స్థిరపడిన సొంత అక్క ఈ జాబితాలో లేదు. అమ్మకు పినతల్లి కూతురు వరసకు చిన్నమ్మే అవుతుంది, ఊళ్లో ఆమెను సొంత చిన్నమ్మే అంటారు, చట్టం లెక్కలో కాదు. అలాంటివాళ్లకు ఫోస్టర్ కేర్, తగిన వ్యక్తి దారులే మిగులుతాయి.

దత్తత తీసుకునేవాళ్లకు ఉండే వయసు పరిమితి బంధువుల దత్తతకు వర్తించదు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నా అడ్డు కాదు. అయితే పెళ్లికాని మేనమామ మేనకోడలిని దత్తత తీసుకోలేడు, ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వకూడదన్నది చట్టంలో నేరుగా ఉన్న మాట. దత్తతల కోసం కేంద్రం నడిపే కారింగ్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవడంతో పని మొదలవుతుంది. కన్నవాళ్లు బతికి ఉంటే వాళ్ల సమ్మతి పత్రం కావాలి, లేకపోతే సమితి అనుమతి కావాలి. ఐదేళ్లు నిండిన పిల్ల సమ్మతి తప్పనిసరి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం కుటుంబ నేపథ్య నివేదిక తయారుచేస్తుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు.

ఇక్కడ చాలామంది 1956 హిందూ దత్తత చట్టం కింద రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు రాయించుకుంటే సరిపోతుందనుకుంటారు. కన్నవాళ్లు బతికి ఉండి వాళ్లే ఇస్తే కొన్ని సందర్భాల్లో సరిపోతుంది. ఇద్దరూ చనిపోతే మాత్రం అమ్మమ్మ సంతకం చెల్లదు. సంరక్షకులు దత్తత ఇవ్వాలంటే ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. పైగా ఆ చట్టం కింద కొడుకు ఉన్నవాళ్లు మరో కొడుకును, కూతురు ఉన్నవాళ్లు మరో కూతురిని తీసుకోలేరు. కొడుకున్న మేనమామ మేనల్లుడిని తెచ్చుకోవాలంటే బాలల న్యాయ చట్టం దారే దిక్కు. దత్త హోమం చేశారా లేదా అన్న దాని మీద గంటలకొద్దీ వాదించుకునే కుటుంబాలు ఈ సంగతి చూడవు. ఆ హోమం తప్పనిసరి కాదని చట్టంలోనే ఉంది.

పిల్ల పేరు మీద భూమి ఉంటే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. దత్తత పోయినా అంతకుముందే పిల్లకు సంక్రమించిన ఆస్తి పిల్లదే. సాదుకునే బంధువుకు పిల్ల భూమిని అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు లేవు. తగిన వ్యక్తి ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ఆ హక్కు రాదు. రైతు చనిపోయిన ఇంట్లో రైతుబీమా 5 లక్షలు వచ్చిన నెలలో బాబాయిలు, మేనమామలు పిల్లను తీసుకుపోవడానికి పోటీ పడి, ఏడాది తిరక్కముందే హాస్టల్లో వదిలేసిన ఉదంతాలు ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ సొమ్ము పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడిందా, పాసుబుక్కు ఎవరి దగ్గరుంది, భూమి ఎవరు చేస్తున్నారు, కౌలు ఎంత, ఆ పైసలు ఎవరికి పోతున్నాయి అన్నవి నివేదికలో ఉండాలి. డబ్బు సంగతి అడిగితే మర్యాద కాదని వదిలేయకూడదు.

అమ్మమ్మకు 65 ఏళ్లు, పిల్లకు 7 ఏళ్లు అయితే పిల్ల పెద్దయ్యే నాటికి అమ్మమ్మకు 76. బంధువుల సంరక్షణ కూలేది ఎక్కువగా ఇక్కడే, ప్రేమ లేక కాదు. ప్రణాళికలో రెండో పేరు ఉండాలి. అమ్మమ్మ మంచాన పడితే ఎవరు? ఆ రెండో మనిషిని సమితి ముందుకు పిలిచి, వాళ్ల నోటితోనే ఒప్పుకోలు చెప్పించి, రికార్డులో రాయించాలి. దసరాకు ఒకసారి ఆ ఇంటికి పిల్లను పంపించి చూడటం మంచి అలవాటు.

దత్తత: దేవరకొండ చరిత్ర, నేటి పద్ధతి

దత్తత గురించి నల్లగొండ జిల్లాలో మాట్లాడితే దేవరకొండ, చందంపేట తండాల సంగతి రాక తప్పదు. 1999లో, మళ్లీ 2001లో లంబాడా ఆడశిశువులను దళారులు కొని హైదరాబాద్‌లోని దత్తత కేంద్రాలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. అక్కడి నుంచి పిల్లలు విదేశాలకూ వెళ్లారు. కన్నవాళ్ల చేతిలో పడ్డది కొద్ది వందలో వేలో. మధ్యలో తిరిగిన సొమ్ము దానికి ఎన్నో రెట్లు. పసిపిల్లలను ఉంచే శిశుగృహలు, పెంచలేని బిడ్డను వదిలే ఊయల ఏర్పాట్లు, తండాల్లో గర్భిణుల మీద నిఘా అన్నీ ఆ మచ్చ తర్వాత బలపడ్డవే. ఈ చరిత్ర వల్ల ఒక చెడు కూడా జరిగింది. ఆడపిల్లను పెంచలేనని చెప్పడానికి తండా తల్లి ఇప్పటికీ జంకుతుంది, కేసు పెడతారేమోనని భయం.

ఆ భయానికి చట్టంలో ఆధారం లేదు. పెంచలేని పరిస్థితిలో ఉన్న తల్లి సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించవచ్చు. సమితి విచారించి, కౌన్సెలింగ్ చేసి, అప్పగింత పత్రం రాయించుకుంటుంది. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది, ఆ లోపు వస్తే బిడ్డను తీసుకుపోవచ్చు. తమ చేతిలో లేని పరిస్థితుల్లో బిడ్డను వదులుకున్న కన్నవాళ్లను శిక్షించకూడదని 75వ సెక్షన్‌లోనే ఉంది. నేరమయ్యేది అమ్మకం. పిల్లను అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బంది పాత్ర ఉంటే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష.

బాండు పేపరు మీద "ఈ బిడ్డను స్వచ్ఛందంగా ఇచ్చుచున్నాను" అని రాయించుకుని ఆసుపత్రి ఆయా చేతుల మీదుగా తెచ్చుకున్న బిడ్డకు ఆ కాగితం ఏ రక్షణా ఇవ్వదు. 2024 మే నెలలో మేడిపల్లి పోలీసులు పసిపిల్లల అమ్మకాల ముఠాను పట్టుకున్నప్పుడు లక్షలు పోసి తెచ్చుకున్న ఇళ్ల నుంచి పిల్లలను తీసుకుపోయారు. అప్పటికి ఆ పిల్లలకు ఆ ఇంటి మనుషులే అమ్మానాన్నలు. దొంగదారి దత్తతలో ఎక్కువగా నలిగేది బిడ్డే అన్నది అక్కడ కళ్లకు కట్టింది.

చట్టబద్ధమైన దారి ఇలా నడుస్తుంది. ఆరేళ్ల లోపు అనాథ, విడిచిపెట్టిన, అప్పగించిన పిల్లలను శిశుగృహ వంటి దత్తత సంస్థలోనే ఉంచాలి. విడిచిపెట్టిన బిడ్డ అయితే కన్నవాళ్ల కోసం వెతుకుతారు, పత్రికలో ప్రకటన ఇస్తారు, పోలీసుల నుంచి ఆచూకీ దొరకలేదన్న రిపోర్టు తెప్పిస్తారు. రెండేళ్ల లోపు పిల్లలకు రెండు నెలల్లో, ఆపై వాళ్లకు నాలుగు నెలల్లో దత్తతకు అర్హత ఉన్నట్టు సమితి ప్రకటించాలి. పసిబిడ్డకు ఒక్కో నెలా విలువైనదే. ఒక్క రిపోర్టు కోసం ఫైలు టేబుల్ మీద పడి ఉంటే మూడు నెలల బిడ్డ ఏడాది బిడ్డ అవుతుంది, ఆయాల చేతులు తప్ప మరో చేయి తెలియకుండా.

ముళ్లపొదల్లో దొరికిన శిశువు ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పంపడం ఈ మధ్య ఆనవాయితీ అయింది. పిల్ల గుర్తింపు బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల జైలు, రెండు లక్షల దాకా జరిమానా. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి. దొరికిన బిడ్డ సమాచారం 24 గంటల్లో ఇవ్వకపోవడం కూడా శిక్షార్హమే, "మేమే పెంచుకుంటం" అని ఇంట్లో ఉంచుకున్నా సరే.

దత్తత కోరేవాళ్లు కారింగ్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దంపతులైతే పెళ్లయి రెండేళ్లు స్థిరంగా గడిచి ఉండాలి. రెండేళ్ల లోపు బిడ్డకు ఇద్దరి వయసు కలిపి 85 దాటకూడదు, ఒంటరివాళ్లకు 40. పిల్ల వయసు పెరిగే కొద్దీ ఈ పరిమితి సడలుతుంది, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు 110, ఒంటరివాళ్లకు 55. పిల్లకూ తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికీ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. నమోదుకు, ఇంటి పరిశీలనకు కలిపి 6,000 రూపాయలు, బిడ్డను తీసుకునేటప్పుడు సంస్థకు 50,000. నియమాల్లో ఉన్న రుసుముకు పైన అడిగేది ఏదైనా లంచమే. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం నిరీక్షణ ఇప్పుడు మూడేళ్లు దాటుతోంది. వరుసలో పేరు వచ్చాక పిల్ల వివరాలు పోర్టల్‌లో కనిపిస్తాయి, 48 గంటల్లో ఖరారు చేయాలి. ఫోన్ నంబరు మార్చుకుని, మెయిల్ చూడక ఆ 48 గంటలు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు.

ఇంటి పరిశీలనకు వచ్చే సామాజిక కార్యకర్త సోఫాలు చూడటానికి రాదు. అత్తగారికి ఇష్టమేనా, బిడ్డ రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, రేపు మీకే బిడ్డ పుడితే ఏంటి, చుట్టాలు కులం అడిగితే ఏం చెబుతారు అని అడుగుతుంది. ఇలాంటివి దాచి మంచి మాటలు చెప్పిన ఇళ్లలోనే తర్వాత బిడ్డను వెనక్కి ఇచ్చే మాట వస్తుంది. బిడ్డను తీసుకున్నాక దరఖాస్తు పెడతారు, పెట్టిన నాటి నుంచి రెండు నెలల్లో కలెక్టరు ఉత్తర్వు రావాలి. ఆపై రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి పరిశీలన ఉంటుంది. ఉత్తర్వుతో కొత్త తల్లిదండ్రుల పేరున జనన ధ్రువపత్రం వస్తుంది.

ఆరేడేళ్ల పిల్లను తెచ్చుకునేవాళ్లకు మొదటి నెలల గురించి ఎవరూ సరిగా చెప్పరు. హోమ్‌లో పెరిగిన పిల్ల కంచంలో రెండో చపాతీ తినకుండా దిండు కింద పెడుతుంది. అమ్మను "మేడం" అని పిలుస్తుంది. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం ఒడిలోనూ కూర్చుంటుంది, అది కలుపుగోలుతనం కాదు, ఎవరు తనవాళ్లో ఇంకా తేలకపోవడం. కొన్ని వారాల తర్వాత ఉన్నట్టుండి మొండికేసి వస్తువులు విసురుతుంది. ఇల్లు తనదే అన్న ధైర్యం వచ్చాకే చాలామంది పిల్లలు అల్లరి మొదలుపెడతారు. ఆ సమయంలో "మళ్లీ హోమ్‌కు పంపుతం" అని ఒక్కసారి బెదిరించినా అప్పటిదాకా చేసింది వెనక్కి పోతుంది.

ఫోస్టర్ కేర్: పేరు తక్కువ, అవసరం ఎక్కువ

తల్లి మానసిక జబ్బుతో ఉంది, తండ్రి జైల్లో ఉన్నాడు, చుట్టాలు రారు. ఇలాంటి పిల్లను దత్తతకు ఇవ్వలేరు, ఇంటికి పంపలేరు. వీళ్ల కోసం ఉన్నదే ఫోస్టర్ కేర్. సమితి ఉత్తర్వు మీద ఆరేళ్లు దాటిన పిల్లను తగిన కుటుంబంలో ఉంచుతారు, నెలకు 4,000 సాయం ఉంటుంది, ప్రతి నెలా పరిశీలన జరగాలి. దత్తతకు అర్హత ఉన్న పిల్లను దీర్ఘకాల ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదు. 2024 మార్గదర్శకాలతో ఒంటరి మహిళలు, ఒంటరి పురుషులు కూడా ఫోస్టర్ తల్లిదండ్రులు కావచ్చు, పురుషులకు మగపిల్లలను మాత్రమే ఇస్తారు. పిల్ల ఆ తర్వాత చట్టపరంగా దత్తతకు అర్హురాలైతే అదే కుటుంబం దత్తత కోరడానికి ఇంతకుముందు ఐదేళ్లు ఆగాల్సి వచ్చేది, ఇప్పుడు రెండేళ్లు చాలు.

పల్లెల్లో కుటుంబాలు దొరకకపోవడానికి కులం ఒక కారణం, "పెంచినంక తీస్కపోతరు కదా" అన్నది ఇంకో కారణం. రెండోది న్యాయమైన భయమే. దానికి సమాధానం ముందుగానే చెప్పాలి: ఎంతకాలం, ఎప్పుడు సమీక్ష, కన్నతల్లి ఎన్నాళ్లకోసారి కలుస్తుంది, రెండేళ్ల తర్వాత ఏ దారులుంటాయి. ఇవి రాసి చేతికివ్వకుండా పిల్లను అప్పగిస్తే ఆ కుటుంబం కూడా పిల్లను చుట్టంలాగే చూస్తుంది. అన్నాచెల్లెళ్లుంటే ఇద్దరినీ ఒకే ఇంట్లో ఉంచాలి. మగపిల్లల హోమ్ ఒక ఊళ్లో, ఆడపిల్లల బాలసదనం ఇంకో ఊళ్లో ఉన్నాయన్న కారణంతో వేరు చేసిన తోబుట్టువులకు ఫోస్టర్ కేర్ ఒక్కటే కలిసి పెరిగే దారి.

వీటిలో ఏదీ కుదరక 18 ఏళ్లు హోమ్‌లోనే నిండిన పిల్లలకు 21 ఏళ్ల దాకా అనంతర సంరక్షణ సాయం ఉంది, అదీ నెలకు 4,000. దానికి దరఖాస్తు 18 నిండిన తర్వాత పెడితే మధ్యలో నెలలు ఖాళీ పడతాయి. 17 ఏళ్లప్పుడే ఆధార్, బ్యాంకు ఖాతా, పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం సిద్ధం చేయించాలి. పదేళ్ల లోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసే దిక్కు లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన సంస్థలో చేరిన పిల్లలు బీసీ-ఏ జాబితాలోకి వస్తారు. ఈ సంగతి తెలియక ఇంటర్ తర్వాత ఓపెన్ కేటగిరీలో దరఖాస్తు చేసేవాళ్లున్నారు. తహసీల్దారు కార్యాలయంలో ఆ పత్రం అడగాలంటే ఏ వయసులో, ఏ తేదీన సంస్థలో చేర్చారో తెలిపే సమితి ఉత్తర్వు నకలు చేతిలో ఉండాలి. హోమ్ నుంచి బయటికి వచ్చే రోజు పెట్టెలో బట్టలతో పాటు పెట్టాల్సిన మొదటి కాగితం అదే.